ఎవరి పూచీ మీద

అయిదో అంతస్తులో లిఫ్టు ముందు పరిచిన నేలను లిస్టు మేడమ్ ఇనుపకడ్డీతో తట్టి చూస్తూ వస్తోంది. గోడవారన మోకాళ్ళ మీద కూర్చుని టైలు అంచులు తుడుస్తున్న నిదానయ్య చెయ్యి ఆగిపోయింది. టక్, టక్, టక్ అని పలుకుతున్న వరసలో ఒకటి డొబ్ అంది. దాని పక్కదీ డొబ్ అంది. కింద సిమెంటు సరిగ్గా పట్టకపోతే టైలు అలాగే బోలుగా మోగుతుంది. పైకి ఎంత మెరుస్తున్నా ఆరు నెలల్లో కదులుతుంది, ఏడాదిలో పగులుతుంది. మోగిన ప్రతిదాని మీదా ఆవిడ సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టింది. మొత్తం పదకొండు తేలాయి.

ఎవరు పరిచారని అడిగింది. అక్కడున్న ఏడుగురూ ఒక్కసారిగా పనిలో మునిగిపోయారు. అంత శ్రద్ధగా వాళ్ళు పనిచేయడం కంపెనీవాళ్ళు అంతకుముందు చూసి ఉండరు. నిదానయ్యకు తెలుసు. ఆ మూల పరిచిన వారమంతా అతను పక్క వరసలోనే ఉన్నాడు. తెలిసినవాడు కాబట్టి అందరికంటే కిందికి తల వంచుకున్నాడు.

వరండా చివర్నుంచి మావయ్య గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు.

"నావేనమ్మా," అన్నాడు. తప్పు ఒప్పుకున్నట్టు లేదు. ఎవరో మర్చిపోయిన గొడుగు చూసి, అది నాదే అని తీసుకున్నట్టుంది.

లిస్టు మేడమ్ చెడ్డమనిషేం కాదు. కంపెనీ తరఫున పని చూడటానికి వచ్చి నెల కాలేదు. అట్టకు బిగించిన కాగితాలు లేకుండా ఎప్పుడూ కనిపించదు కనక ఆ పేరు పెట్టారు. మావయ్య కుడికాలు చాపి వంగుతున్న తీరు చూసి కుర్చీ తెప్పించబోయింది కూడా. ఆయన వద్దన్నాక కాగితాలు తిరగేసి, మీ పేరు పక్కన పూచీదారు గడి ఖాళీగా ఉంది, గురువారంలోగా నింపాలి అని మాత్రం చెప్పి మెట్లెక్కి వెళ్ళింది.

నిజానికి ఈ పూచీ అన్నది కంపెనీ కనిపెట్టింది కాదు, మావయ్యదే. ఈ ఊళ్ళో పనికి మొట్టమొదట వచ్చినవాడు ఆయన. ఒక్కడే వచ్చాడు. తర్వాత తమ్ముడి కొడుకును తెచ్చాడు, వాడి తోడల్లుణ్ణి తెచ్చాడు, ఆ తోడల్లుడి ఇంటిపక్కవాణ్ణి తెచ్చాడు. అలా ఇప్పటికి ఇరవై ముగ్గురు. రక్తసంబంధం ఉన్నవాడికీ లేనివాడికీ ఆయన మావయ్యే. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటే. ఎవణ్ణి ఎవడు తెస్తే వాడి పనికి వీడు పూచీ. కొత్తవాడి టైలు బోలుగా మోగితే తెచ్చినవాడు సెలవురోజున వచ్చి దాన్ని పగలగొట్టి మళ్ళీ పరవాలి. తప్పు చేసినవాడు పక్కన నిలబడి సామాను అందించాలి. తిట్లు ఉండవు. తన తప్పును ఇంకొకడు మోకాళ్ళు అరగదీసుకుని దిద్దుతుంటే చూస్తూ బకెట్లు అందించడం ఏ తిట్టుకీ తీసిపోదు.

నిదానయ్య మొదటి ఏడాది చాలా సెలవురోజులు అలా మావయ్యకు బకెట్లు అందించాడు. పేరు కూడా అప్పుడే వచ్చింది. ఒక స్నానాలగది పరవడానికి తొమ్మిది రోజులు తీసుకున్నాడని, "నిదానయ్యగారూ, స్నానానికి జనం బయట కాచుకున్నారు," అన్నాడాయన. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆ రోజుతో మూలపడింది.

ఇంటికి వెళ్ళి రావడానికీ ఇలాంటి పద్ధతే ఒకటి ఉంది. నెలకు మించి వెళ్ళేవాడి వాటా పనిని ఇక్కడున్న అతని మనిషి తన పనితోపాటు లాక్కురావాలి. అలా లాగే సొంతమనిషి లేనివాడు తిరిగొచ్చేసరికి ఆ చోట ఇంకెవడో ఉంటాడు. నిదానయ్యకు అలాంటి మనిషి లేడు. పెదనాన్న కొడుకు ఒకడున్నాడు గాని, వాడు ఇప్పటికే సొంత తమ్ముడి వాటా మోస్తున్నాడు. అందుకే ఏడేళ్ళలో రెండుసార్లే ఇల్లు చూశాడు. రెండుసార్లూ కలిపి కూతురితో గడిపింది యాభై రోజులు.

ఇప్పుడు భవనం పూర్తికావస్తోంది. పైనెలలో ఏటికి అవతల ఇంకొకటి మొదలవుతుంది. మావయ్య పద్ధతి కంపెనీకి ముచ్చటగా అనిపించి కాగితానికి ఎక్కించింది. పూచీదారు ఉన్నవాడికే కొత్త భవనంలో పని. కాకపోతే ఒకరు ఒకరికే పూచీ పడాలి. ఇరవై ముగ్గురికి ఒక్క మనిషే పూచీ అంటే అది పూచీ కాదు, దీవెన అందట లిస్టు మేడమ్. ఇంకా రాని కొత్తవాడి పేరైనా రాయొచ్చు.

కాగితాలు పంచిన రోజే మావయ్య తన పూచీ రేడియోకి రాసేశాడు. రేడియో అంటే మనిషే. పని సగం చేసి కబుర్లు రెండింతలు చెబుతాడని వాడికి సొంత అన్నే రాయనన్నాడు. మిగతావాళ్ళు అన్నకు తమ్ముడు, బావకు బావ రాసుకున్నారు. నిదానయ్య పేరు పెదనాన్న కొడుకు రాశాడు. కొందరు ఇంటిదగ్గరున్న వాళ్ళ పేర్లు రాశారు. ఇంకా రాయనివాడు నిదానయ్య ఒక్కడే. అది బద్ధకం వల్ల కాదు. ఊళ్ళో ఉన్న బావమరిదికి రాయాలని వాడి పూర్తిపేరు, పుట్టినతేదీ భార్యను అడిగాడు, అవి ఆ సాయంత్రం వస్తాయి.

*

సాయంత్రం గదికి రాగానే ఫోను మోగింది. ఎనిమిది మంచాల గదిలో ఫోను మాట్లాడటానికి ఒకటే చోటు, కిటికీకీ తడిబట్టల తాడుకీ మధ్య. అక్కడ నిలబడి ఎవరేం మాట్లాడినా మిగతావాళ్ళు వినబడనట్టు ఉంటారు. తర్వాత ఒక్క మాట పోకుండా రేడియో అప్పజెబుతాడు.

భార్య ముందు పుట్టినతేదీ చెప్పింది, అతను అరచేతి మీద రాసుకున్నాడు. తమ్ముడు దుకాణంలో మానేస్తున్నట్టు యజమానికి చెప్పేశాడని, యజమాని అప్పుడే వాడి చోట ఇంకొకణ్ణి పెట్టుకున్నాడని చెప్పింది. అంత తొందరెందుకన్నాడు అతను.

"ఏడేళ్ళకి నేను అడిగింది ఇదొక్కటే కదండీ. వాడికి పని దొరకాలని కాదు, వాడికి అక్కడ కాకపోతే ఇంకోచోట. వాడుంటే మీరు నాలుగు నెలలు ఇంట్లో ఉంటారని. మీ కూతురు ఊగే పన్ను పెట్టుకుని తిరుగుతోంది, నాన్న వచ్చి చూసేదాకా పీకించుకోదట."

అన్నీ రాసి ఉంచాననీ, గురువారం ఇచ్చేస్తాననీ చెప్పాడు. పదకొండు ఇంటూ గుర్తుల సంగతి చెప్పలేదు. మావయ్య గడి ఖాళీగా ఉన్న సంగతీ చెప్పలేదు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం అని తనకు తాను చెప్పుకున్నాడు. అరచేతిలో తేదీ చెమటకు చెరిగిపోకముందే కాగితం మీద బావమరిది పేరు సిరాతో రాసి, మడిచి చొక్కాజేబులో పెట్టుకున్నాడు.

*

బుధవారం మావయ్యకూ అతనికీ ఒకే వరండా పడింది. మావయ్య దారం కట్టాడు, రసమట్టం పెట్టి చూశాడు, సిమెంటు కలిపాడు. అంతవరకూ ఆయన చెయ్యి పాతచెయ్యే. టైలు పట్టుకుని కిందికి దిగడం దగ్గరే వచ్చింది చిక్కు. ఎడమచెయ్యి నేలకు ఆనించి, కుడికాలు పక్కకు చాపి, ఒంటిమోకాలి మీద కూర్చునేవాడు. టైలును కూర్చోబెట్టేటప్పుడు రెండు అరచేతులతో మూలమూలా నొక్కాలి. ఆయనకు ఒక చెయ్యి ఒంటి బరువు మోయడానికే సరిపోతోంది. ఆనని చేతివైపు మూల గట్టిగా కూర్చుంటోంది, రెండో మూల బోలుగా ఉండిపోతోంది. నిదానయ్య అది చూసి, ఆయన అటు తిరిగినప్పుడల్లా మోకాళ్ళ మీద జరిగి వెళ్ళి ఆ మూలను నొక్కి వస్తున్నాడు. రెండుసార్లు దొరకలేదు, మూడోసారి దొరికిపోయాడు.

"నీ వరస నువ్వు చూసుకోరా," అన్నాడు మావయ్య. కోపంగా అనలేదు.

కాసేపటికి ఆయనే మళ్ళీ, బావమరిది పేరు ఇచ్చావా అని అడిగాడు. రేపిస్తానన్నాడు నిదానయ్య. కుర్రాడికి కటింగ్ మిషన్ తెలుసా అన్నాడు. తెలీదన్నాడు. తెలీకపోతే మరీ మంచిది, తెలిసినవాడికి వంకరలు విప్పేసరికి తలప్రాణం తోకకొస్తుంది, మొదటినెల నా పక్కన వెయ్యి, నేను చూసుకుంటా అన్నాడు. వచ్చేనెల తాను ఎక్కడ ఉంటాడో అన్న అనుమానం ఆ గొంతులో లేదు. నీకెవరు రాశారు మావయ్యా అని అడగాలని నిదానయ్య నాలుక చివరిదాకా వచ్చింది. కన్నతండ్రిని పట్టుకుని నువ్వెవరి అబ్బాయివని అడిగినట్టుంటుంది. ఇంకో టైలు అందుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచినప్పుడు రేడియోను మెట్లదగ్గరికి లాక్కెళ్ళి, మావయ్యకు ఎవరు రాశారో కనుక్కోమన్నాడు. అరగంటలో వాడు అయిదు అంతస్తులూ తిరిగొచ్చాడు. వాడి మొహం అంత చిన్నబోవడం నిదానయ్య ఎప్పుడూ చూడలేదు.

"ఎవరూ రాయలేదు. తమ్ముడి కొడుకు రాసుంటాడని తోడల్లుడు అనుకున్నాడు, తోడల్లుడు రాసుంటాడని వాడు అనుకున్నాడు. మావయ్య పేరు కంపెనీవాళ్ళే పైన అచ్చేసి ఉంటారనుకున్నాడు ఒకడు. ఆయన్ని అడిగితే బాగోదని ఎవడూ అడగలేదు."

"ఇప్పుడు తెలిసిందిగా. మారుస్తారా ఎవరైనా?"

రేడియో డబ్బా మూత పెట్టాడు. కాగితాలు ఇచ్చేశారు. పైగా పదకొండు ఇంటూ గుర్తుల సంగతి అన్ని అంతస్తులకూ పాకింది. మావయ్య పేరు రాసినవాడికి ఇకమీదట ఒక్క సెలవురోజూ మిగలదు. వాళ్ళలో కృతజ్ఞత లేనివాడు ఒక్కడూ లేడు. ఒక్కొక్కడి వెనకా ఒక ఇల్లు ఉంది, ఆ ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చున్న మనిషి ఉంది. అందరూ మంచివాళ్ళు కావడం వల్లే ఆ పెద్దమనిషికి ఎవరూ లేకుండా పోయారు.

నిదానయ్య చొక్కాజేబు తడుముకున్నాడు. కాగితం ఉంది.

*

గురువారం పొద్దున్న డాబా మీద లిస్టు మేడమ్ రేకుగది ముందు మిగిలింది ఇద్దరే. తనతోపాటు మావయ్య కూడా రావడం చూసి నిదానయ్య గుండె తేలికపడింది. ఎవరో ఒకరు చివరికి మనసు మార్చుకుని ఉంటారు, ఆ పేరు చెప్పడానికే వచ్చాడు అనుకున్నాడు. మావయ్య ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పనిబూట్ల బదులు చెప్పులు వేసుకున్నాడు. ఆ చెప్పులు చూసి కూడా నిదానయ్యకు తోచలేదు.

ఆవిడ ఇద్దరినీ ఒకేసారి లోపలికి పిలిచింది. మావయ్య వరస ముందు వచ్చింది. గడి మీద వేలు పెట్టి ఎవరి పేరు రాయమంటారంది. మావయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ తలెత్తి, ఈసారి మెల్లగా అడిగింది.

"ఎవరూ లేరా?"

గోడకు తగిలించిన పెద్ద లిస్టులో ఇరవైనాలుగు పేర్లున్నాయి. మావయ్య వాటివైపు చూశాడు, పైనుంచి కిందిదాకా, నేల మట్టం చూసేటప్పుడు చూసినట్టు ఒక కన్ను కొంచెం మూసి. తర్వాత చెయ్యి ఎత్తి పక్కనున్న మనిషిని చూపించాడు.

"ఇతనమ్మా. నన్ను ఇతనే తీసుకొచ్చాడు."

ఆవిడ కాగితాలు తిరగేసి, ఇతను మీ తర్వాత చాలా ఏళ్ళకు వచ్చాడు కదా అంది. తేదీల సంగతి నాకు తెలీదమ్మా, అతన్నే అడుగు అన్నాడు మావయ్య. ఆయన కళ్ళు బల్లమీదే ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆయన ఎవరి ముందైనా కళ్ళు దించడం నిదానయ్య చూడలేదు.

నిదానయ్యకు ముందు వచ్చింది జాలి కాదు, ఒళ్ళు మండే కోపం. నిన్న పొద్దుట్నుంచీ పక్కనే ఉన్నాడు, అడగొచ్చుగా. కాదనడానికో, కనీసం ఇంటికి ఫోను చేయడానికో సందు ఇవ్వొచ్చుగా. జేబులోంచి కాగితం తీశాడు. బావమరిది పేరు గుండ్రటి అక్షరాల్లో శుభ్రంగా ఉంది. దాన్ని బల్లమీద పెడితే చాలు, ఎవరూ తప్పుపట్టరు. ఆయనా పట్టడు. చెప్పులు వేసుకునే వచ్చాడు కదా.

"అవునండీ. నేనే తెచ్చాను," అన్నాడు. "ఇంకొక కాగితం ఇస్తారా, ఇది తప్పు రాశాను."

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగకుండా కొత్త కాగితం ఇచ్చింది. మావయ్య పూర్తిపేరు నిదానయ్యకు తెలియదు. ఆయన ఒక్కో అక్షరం చెబుతుంటే రాసుకున్నాడు.

మెట్లు దిగుతూ రెండో మలుపు దగ్గర మావయ్య ఆగిపోయాడు.

"నిన్ను అడగకూడదనేరా వచ్చింది. కంపెనీవాళ్ళకి చెప్పి వెళ్ళిపోదామనే వచ్చాను. ఆ పిల్ల ఎవరూ లేరా అంది. లేరని చెప్పడానికి నోరు రాలేదు."

నిదానయ్య కోపం అక్కడితో పోయింది. పోయాక ఏం మిగిలిందో తెలుసుకోవడానికి ఆ మెట్లమీదే కూర్చుని ఇంటికి ఫోను చేశాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె, నన్నొక్క మాట అడిగారా అంది. తమ్ముడికి నేనేం చెప్పను అంది. పిల్లకి మీరే చెప్పుకోండి అని ఫోను పెట్టేసింది.

*

సెలవురోజు పొద్దున్న పదకొండు టైళ్ళూ తియ్యడానికి ఇద్దరే అయిదో అంతస్తుకెక్కారు. మిగతావాళ్ళు మొహం చెల్లక గదిలోనే ఉండిపోయారు. రేడియో ఒక్కడు సిమెంటు మూట మోసుకొచ్చి, ఎవరూ పొమ్మనలేదు కాబట్టి అక్కడే గోడకానుకున్నాడు. వాడు ఏమీ మాట్లాడకపోవడం అందరికీ ఇబ్బందిగానే ఉంది.

నిదానయ్య ఉలి పెట్టి మొదటి టైలు లేపాడు. కింద ఒక మూలంతా పొడిగా ఉంది. మావయ్య అది చూశాడు, వంగి ముక్కలు ఏరి గంపలో వేశాడు. బకెట్టు నిండితే మోసుకెళ్ళి పారబోసి వచ్చాడు. నీళ్ళు అడగకముందే పెట్టాడు, తడిగుడ్డ అడగకముందే అందించాడు. రెండో టైలు లేచాక, "తర్వాత ఏది మేస్త్రీ?" అన్నాడు. వేళాకోళానికి అన్నట్టు లేదు. తను పెట్టిన కట్టుబాటును తనే తుచ తప్పకుండా పాటిస్తున్నాడు. నిదానయ్యకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. అలా పిలవొద్దు మావయ్యా అన్నాడు. మరి ఎలా పిలవాలి అని ఆయన అడిగితే మూడో టైలు అంచున ఉలి పెట్టాడు.

నాలుగో టైలు దగ్గర ఫోను మోగింది. మూడు రోజుల తర్వాత ఆమె చేయడం అదే. అతను చేతులు తుడుచుకుని, ఎక్కడ మొదలెట్టాలో తెలియక ఊ అన్నాడు.

"మావయ్యగారు ఉన్నారా పక్కన?"

ఉన్నారన్నాడు.

"ఆయనకివ్వండి."

నిదానయ్య ఫోను గుండెకు ఆనించుకుని ఒక్క క్షణం నిలబడిపోయాడు. ఏం అడగదలుచుకుందో, ఆయన్ని ఏమంటుందో. వద్దనడానికి అతనికి హక్కు లేదు. ఇచ్చాడు.

మావయ్య ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "చెప్పమ్మా," అన్నాడు. "తప్పు నాదేనమ్మా," అన్నాడొకసారి. మళ్ళీ వింటూ ఉండిపోయాడు. ఉన్నట్టుండి గోడవైపు తిరిగాడు. "నేనా?" అన్నాడు. "నాకు చేతనవుతుందంటావా?" అన్నాడు. చివరికి రెండుసార్లు సరే అని, ఫోను తిరిగిచ్చేసి ముక్కు చీదాడు. ఆమె అప్పటికే పెట్టేసింది.

"ఏమంది మావయ్యా?"

"బాగానే కడిగింది. కడిగించుకోవాల్సిందే." ఆయన తడిగుడ్డతో మొహం తుడుచుకున్నాడు, సిమెంటు మరక ఒక చెంప మీంచి ఇంకో చెంపకు వెళ్ళింది. "తర్వాత అంది, ఇన్నాళ్ళూ మీరు అందరివాళ్ళు కదా మావయ్యగారూ, అందరి మనిషిని మా ఒక్కళ్ళకోసం అడగలేకపోయాం. ఇప్పుడు కాగితం మీద మావాళ్ళే. ఆయన వాటా మీరు లాగి ఆయన్ని ఇంటికి పంపండి అంది."

నిదానయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"నాలుగు నెలలు అడిగింది. రెండు ఒప్పుకున్నాను. ఒంటరిగా కాదులే, నా కింద వీడున్నాడుగా," అని మావయ్య గోడకానుకున్న రేడియోవైపు చూశాడు. "వీడి నోటికి పని తగ్గించి చేతులకి చెబుతాను."

రేడియో బుర్ర ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

మావయ్య ఖాళీ బకెట్టు ఒకటి తీసి నేలమీద బోర్లించాడు. దానిమీద మెల్లగా కూర్చుని, కుడికాలు చాపి, ఎడమకాలు మడిచి, రెండు చేతులూ ముందుకు చాచి నేల అందుతుందో లేదో చూసుకున్నాడు. అందింది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. తాపీపని నేర్చిన నాటినుంచి కూర్చుని పనిచేసేవాణ్ణి ఆయన మేస్త్రీల్లో జమకట్టలేదు.

"ఏమిట్రా అలా చూస్తావు. తాపీ ఇటియ్యి," అన్నాడు. "రెండు నెలలంటే మాటలా, ఇప్పట్నించే అలవాటు చేసుకోవాలి."

నిదానయ్య తాపీ ఇచ్చాడు. సిమెంటు తట్ట ఆయనకు అందేంత దగ్గరికి జరిపి, తను పక్కన నిలబడి టైలు అందించాడు.